నాన్నగారి ఆడియో సెట్టు, గోరంట్ల స్థలం: లెక్క సరిపోతుందా?

ప్రశ్న: మాస్టారూ, మాది గుంటూరు బ్రాడీపేట. మా నాన్నగారు మిర్చి కమీషన్ వ్యాపారం చేసేవారు. పోయి ఎనిమిది నెలలైంది. పాటలంటే ఆయనకు ప్రాణం. 2013 నుంచి 2019 దాకా ఒక్కొక్కటే కొనుక్కుంటూ మేడమీద గదిలో పెద్ద ఆడియో సెట్టు పెట్టుకున్నారు. మెకింతోష్ ఎంసీ 275 వాల్వు (గాజు గొట్టాలతో పనిచేసే) ఆంప్లిఫయరు, దాని ముందు తగిలించే ప్రీఆంప్ కలిపి 10 లక్షల 80 వేలు. టానోయ్ స్పీకర్లు 9 లక్షల 60 వేలు. డాక్ (డిజిటల్ పాటను ఆంప్‌కు పనికొచ్చేలా మార్చే పెట్టె), స్ట్రీమరు (ఇంటర్నెట్ నుంచి పాటలు తెచ్చే పెట్టె) 4 లక్షల 20 వేలు. కేబుళ్ళకే 3 లక్షల 10 వేలు. రికార్డ్ ప్లేయరు కార్ట్రిడ్జికి, అంటే సూది ఉండే చిన్న భాగానికి, లక్షా 60 వేలు. గది గోడలకు, సీలింగుకు చేయించిన పనికి 2 లక్షల 70 వేలు. బిల్లులన్నీ ఫైల్లో ఉన్నాయి, మొత్తం 32 లక్షలు. రికార్డ్ ప్లేయరు మాత్రం గ్యారార్డ్ 401 అట, ఎప్పుడో మద్రాసులో సెకండ్ హ్యాండ్‌లో కొన్నారు, దానికి బిల్లు లేదు. ఐదారు వందల ఎల్పీలు ఉన్నాయి.

మా అన్నయ్య విజయవాడ పటమటలో ఉంటాడు. గోరంట్లలో నాన్నగారి పేరున 150 గజాల స్థలం ఉంది, 32 లక్షలు పలుకుతుందంటున్నారు. ‘నీకు పాటల పిచ్చి ఉంది కాబట్టి సెట్టు నువ్వు తీసుకో, స్థలం నాకు వదిలెయ్, లెక్క సరి’ అంటున్నాడు అన్నయ్య. నా భార్యకు ఇది అస్సలు నచ్చలేదు. అమ్మ ఏమీ మాట్లాడటం లేదు. చెల్లెలు హైదరాబాదులో ఉంది. అన్నయ్యతో గొడవ పడటం నాకు ఇష్టం లేదు. ఆ సెట్టు నిజంగా 32 లక్షలు చేస్తుందా? రాత్రుళ్ళు నిద్ర పట్టడం లేదు.
— ఒక పాఠకుడు, గుంటూరు

జవాబు: బాబూ, ముందు మీకు కావలసిన మాట చెప్పేస్తాను. చేయదు. మీరు రాసిన వివరాలను బట్టి, అన్నీ సరిగ్గా పనిచేస్తూ ఉంటే, ఓపిగ్గా ఒక్కొక్కటీ సరైన మనిషిని వెతికి అమ్మితే మీ చేతికి తొమ్మిది, పది లక్షలు వస్తాయి. వచ్చే నెలలోగా ఎవరో ఒకరు వచ్చి మొత్తం పట్టుకుపోవాలంటే ఐదారు లక్షలకు మించి ఆశ పెట్టుకోవద్దు.

దీన్ని బట్టి మీ అన్నయ్య మిమ్మల్ని మోసం చేస్తున్నారని మాత్రం అనుకోకండి. ఆయన కళ్ళముందున్నవి బిల్లులు. కంపెనీ పేరుంది, అంకె ఉంది, నాన్నగారి సంతకం ఉంది. ఈ లైనులో లేని ఎవరైనా ఆ కాగితాన్నే నమ్ముతారు. నలభై ఏళ్ళుగా విజయవాడ గాంధీనగర్లో ఆంప్లిఫయర్లు విప్పి బాగుచేస్తున్నాను. బిల్లు చూపించి ‘ఇంత పెట్టాం కదండీ’ అని అడగని కుటుంబం నాకు ఇంతవరకు తగల్లేదు.

‘కొనబోతే కొరివి, అమ్మబోతే అడవి’ అని మన పెద్దవాళ్ళు ఊరికే అనలేదు. నగ విషయం మీ ఇంట్లో ఆడవాళ్ళకు బాగా తెలుసు. కొన్నప్పుడు తరుగు, మజూరీ వేస్తారు, అమ్మబోతే ఆ రెండూ ఎవరూ తిరిగివ్వరు, బంగారానికే లెక్క కడతారు. ఆడియో సెట్టుకూ అంతే. ఆ 32 లక్షల్లో ఓడ కిరాయి ఉంది, కస్టమ్స్ సుంకం ఉంది, పన్నులు ఉన్నాయి, దిగుమతిదారు లాభం, షాపు లాభం, ఏసీ షోరూము అద్దె ఉన్నాయి. ఇవన్నీ మజూరీ లాంటివి. పెట్టె విప్పిన రోజే పోతాయి. నగలో కనీసం బంగారం మిగులుతుంది, ఇక్కడ ఆ మిగిలేది కూడా ఏటేటా అరుగుతుంది. పైగా బంగారం కొనేవాడు గుంటూరులో వీధికొకడు ఉంటాడు. పదేళ్ళ నాటి వాల్వు ఆంప్‌కు లక్షలు పెట్టేవాడు జిల్లా మొత్తంలో ఇద్దరో ముగ్గురో. వాళ్ళకు ఆ సమయానికి డబ్బుండాలి, ఆ మోడలే కావాలి, భార్య ఒప్పుకోవాలి. చివరికి కొనేవాళ్ళు హైదరాబాదు, చెన్నై, బెంగుళూరుల్లో తేలతారు.

ఇక మీ సామాను. మెకింతోష్‌తో మొదలుపెడతాను, ఎందుకంటే బిల్లున్న వాటిలో ధర ఎక్కువగా నిలబడేది అదే. ఎంసీ 275 మొదటిసారి 1961లో వచ్చింది. అమెరికాలో న్యూయార్క్ రాష్ట్రం బింగమ్‌టన్‌లో తయారు చేస్తారు. మధ్యలో ఆపేసి, జనం అడుగుతుంటే మళ్ళీ తెచ్చారు. అరవై ఏళ్ళుగా మనుషులు అదే కావాలని అడుగుతున్నారు కాబట్టి పాతదైనా ధర పూర్తిగా పడిపోదు. మీ జోడీకి నాలుగు నుంచి నాలుగున్నర లక్షలు రావచ్చు. కానీ కొనేవాడు కొన్ని చూస్తాడు. అవి మీరే ముందు చూడండి.

కరెంటు తీగ ఊడబీకి, ఒక రోజంతా వదిలేసి, మర్నాడు టార్చి పట్టుకుని దగ్గరికి వెళ్ళండి. అందులో నాలుగు పెద్ద వాల్వులు, కేటీ 88 అంటారు, ఏడు చిన్నవి ఉంటాయి. పెద్దవాటి గాజు లోపల వెండి పూత పూసినట్టు మెరిసే మచ్చ కనిపిస్తుంది. అది అద్దంలా మెరుస్తుంటే వాల్వులోకి గాలి చొరలేదని అర్థం. పాలు ఒలికినట్టు తెల్లగా మారిందంటే గాలి దూరింది, ఆ వాల్వు చచ్చిపోయినట్టే. మచ్చ మెరుస్తున్నా వాల్వు అరిగిపోయి ఉండవచ్చు, ఎందుకంటే ఈ పెద్ద వాల్వులు రెండు మూడు వేల గంటలు పనిచేస్తాయి. నాన్నగారు రోజూ మూడు గంటలు విన్నారనుకుంటే మూడేళ్ళలోపే ఆ గంటలు అయిపోతాయి. జతకూడిన నాలుగూ కొత్తవి వేయించాలంటే నలభై, యాభై వేల దాకా అవుతుంది. కొనేవాడు ఆ మొత్తం ముందే బేరంలో తగ్గిస్తాడు.

వెనక వైపు చిన్న అక్షరాల్లో వోల్టేజి రాసి ఉంటుంది. అక్కడ 230 అని ఉంటే నిశ్చింత. 120 అని ఉంటే ఎవరో అమెరికా నుంచి తెచ్చి ఇచ్చారన్నమాట. ఇక్కడ దానికి ఎప్పుడూ ట్రాన్స్‌ఫార్మర్ తగిలించాలి, కంపెనీ డీలరు సర్వీసుకు మొహం తిప్పుకుంటాడు, ధర మూడో వంతు దాకా పడుతుంది. ఈ ఒక్క అంకె ఫోటో తీసి నాకు పంపినా సగం విషయం తేలిపోతుంది.

గుంటూరు ఎండ సంగతి మీకు నేను చెప్పాలా! లోపల ఉండే ఎలక్ట్రోలైటిక్ కండెన్సర్లకు వేడి పది డిగ్రీలు పెరిగితే ఆయుష్షు సగానికి పడిపోతుంది. నాన్నగారు ఏసీ వేసుకునే వినేవారో లేదో అమ్మను అడగండి. ఇంకో సంగతి, వెచ్చగా ఉండే పెట్టెల్లోకి బొద్దింకలు, బల్లులు చేరతాయి. పోయినేడు నా దగ్గరికి వచ్చిన ఒక ఆంప్ మూత తీస్తే, ఫ్యూజు హోల్డరుకూ చాసిస్‌కూ మధ్య ఎండిపోయిన బల్లి అడ్డంగా పడి ఉంది. ట్రాన్స్‌ఫార్మరు కాలిపోయింది. ఎనిమిది నెలలుగా మూతపడి ఉన్న గది కదా మీది, అందుకే చూడకుండా ఆన్ చేయవద్దంటున్నాను.

టానోయ్ స్పీకర్లూ పరువైనవే. పెద్ద కోను నడిమధ్యలోంచే సన్నని స్వరం కూడా వచ్చే డిజైన్ వాళ్ళది. 1947 నుంచీ దాన్నే మెరుగుపరుచుకుంటూ వస్తున్నారు. మనిషి గొంతు ఒకే చోటు నుంచి వచ్చినట్టు ఉంటుంది. బాలమురళి గారి కచేరీ వింటే ఆయన మన ఎదురుగా చాపమీద కూర్చున్నట్టే ఉంటుంది, ఆ అనుభవం నాకుంది. మూడు నుంచి మూడున్నర లక్షలు అనుకోండి. కాకపోతే అడుగుభాగం చూడండి. మన దగ్గర స్పీకరును తినేది ముందుగా చెదలు. కింద మూలలను వేలి కణుపుతో కొట్టి చూడండి, గట్టి చెక్క మోతా, డొల్ల మోతా అన్నది మీకే తెలుస్తుంది. తర్వాత, కోను మీద రెండు చేతుల వేళ్ళూ సమానంగా ఆనించి చాలా మెల్లగా లోపలికి నొక్కి వదలండి. ఇసుక కాగితం రాసినట్టు గర్ మని చప్పుడు వస్తే లోపలి తీగచుట్ట (కాయిల్) రాసుకుంటోందని. మధ్య భాగాన్ని మాత్రం ముట్టుకోకండి.

స్పీకర్ల అసలు అట్టపెట్టెలు, లోపలి థర్మోకోల్ అటకమీద ఉన్నాయేమో వెతికించండి. అవి లేకపోతే ట్రాన్స్‌పోర్టులో వేయడానికి కొనేవాడు భయపడతాడు. నా అనుభవంలో ఆ ఖాళీ పెట్టెలకే పదోవంతు ధర ఉంటుంది.

డాక్, స్ట్రీమరు గురించి చెప్పడానికే బాధగా ఉంది. 4 లక్షల 20 వేలు పెట్టిన సామాను నలభై, అరవై వేలకు మించి పలకదు. అందులో చెడిపోయేదేమీ లేదు, కాలం దాన్ని దాటి వెళ్ళిపోయిందంతే. సెల్‌ఫోన్ లాగే యాప్‌కు అప్‌డేట్లు ఆగిపోతే కొత్త ఫోన్లతో మాట్లాడదు. ఆ రోజుల్లో ఎంక్యూఏ అనే ఫార్మాట్ ఉందని చెప్పి ఎక్కువ ధరకు డాక్‌లు అమ్మారు. 2023లో ఆ కంపెనీయే చేతులెత్తేసి వేరేవాళ్ళ చేతికి వెళ్ళింది, 2024లో టైడల్ అనే పాటల యాప్ కూడా దాన్ని తీసేసింది. అదే పని ఇవాళ ఇరవై వేల పెట్టె కూడా చక్కగా చేస్తోంది. ఖరీదైన ఆడియోలో డిజిటల్ సామాను మీద పెట్టిన డబ్బు అన్నిటికంటే ముందు కరుగుతుంది. ఇది ఇప్పుడు కొత్తగా కొనాలనుకుంటున్న పాఠకులు కూడా గుర్తుపెట్టుకోండి.

కేబుళ్ళు ముప్పై, నలభై వేలు, అదీ నకిలీవి కావని బిల్లు చూపిస్తేనే. కార్ట్రిడ్జి విలువ సున్నా. దాని సూది సుమారు వెయ్యి గంటలకు అరిగిపోతుంది, అరిగిన సూది రికార్డు గాడిని కోసేస్తుంది, కాబట్టి తెలిసినవాడెవడూ వాడిన కార్ట్రిడ్జి కొనడు. గది గోడల పని విలువ కూడా సున్నా. అది ఇంటితో పాటు ఉండిపోయేది. నాన్నగారు ఆ గదిలో విన్నది ఎంత బాగుండేదో అందులో సగం ఘనత ఆ గోడలదే, అయినా దాన్ని ఊడదీసి అమ్మలేం.

ఇప్పుడు సంతోషమైన మాట. బిల్లు లేని ఆ గ్యారార్డ్ 401 ఉందే, మీ జాబితాలో ధర పెరిగినది అదొక్కటే. ఇంగ్లండులో 1960లలో మొదటిసారి వచ్చిన ఇనప ముద్ద అది. మోటారు, రబ్బరు చక్రం, బరువైన పళ్ళెం, అంతే. ఏ మెకానిక్ అయినా బాగుచేయగలడు, అప్‌డేట్లతో పనిలేదు, ప్రపంచమంతా వెతుక్కుంటోంది. మంచి స్థితిలో ఉంటే లక్ష నుంచి లక్షా పాతిక వేలు కళ్ళకద్దుకుని ఇస్తారు. నాన్నగారు బిల్లు కూడా దాచనంత తక్కువకు కొన్నారంటే ఆయన చూపు ఎలాంటిదో చూడండి.

ఇవన్నీ కూడితే ఎనిమిది లక్షల డెబ్భై వేల నుంచి పది లక్షల పాతిక వేల దాకా తేలుతుంది. రిపేర్లు, వాల్వులు, రవాణా అందులోంచే పోవాలి. ఎల్పీలు నేను కలపలేదు. తెలుగు రికార్డులకు కొన్నిటికి మంచి ధర ఉంది, కానీ చూడకుండా చెప్పలేను.

మీ ఇంట్లోనే ఇలా జరిగిందని బాధపడకండి. అమెరికాలో వర్జీనియా రాష్ట్రం రిచ్‌మండ్‌లో కెన్ ఫ్రిట్జ్ అని ఒకాయన ఉండేవారు. ప్రపంచంలోనే గొప్ప సెట్టు తన ఇంట్లో ఉండాలని దశాబ్దాల పాటు కష్టపడ్డారు. పదడుగుల ఎత్తున్న స్పీకర్లు స్వయంగా తయారు చేశారు, దానికోసం ఇల్లే పెంచి కట్టారు. ఆ సెట్టు విలువ పది లక్షల డాలర్లు అనేవారు. 2022లో ఆయన పోయాక వేలంలో ముక్కలు ముక్కలుగా అమ్మితే మొత్తం కలిపి లక్షా యాభై ఆరు వేల డాలర్లు వచ్చింది. అంటే ఆరోవంతు కూడా కాదు. డబ్బున్నవాళ్ళు, కొనేవాళ్ళు అంతమంది ఉన్న దేశంలోనే పరిస్థితి అది. మీకు నేను చెప్పిన మూడోవంతు నిజానికి మంచి ధరే.

2024 సెప్టెంబరులో బుడమేరు పొంగినప్పుడు సింగ్‌నగర్ వైపు నుంచి వారం రోజుల పాటు నా షాపుకు ఆటోల్లో సెట్లు వచ్చాయి. ఒక పెద్దాయన తెచ్చిన స్పీకర్లు నీళ్ళు పీల్చి ఉబ్బి, అతుకులు విచ్చుకుని ఉన్నాయి. బిల్లు మాత్రం ప్లాస్టిక్ కవర్లో బీరువా పై అరలో భద్రంగా ఉందట, చుక్క తడవలేదు. దాన్ని నా చేతిలో పెట్టి ‘రెండు లక్షల సామాను సార్’ అన్నారాయన. నేను ఆ కాగితాన్ని, ఆ స్పీకర్లను మార్చి మార్చి చూస్తూ ఉండిపోయాను. మీ అన్నయ్య చేతిలో ఉన్నదీ అలాంటి కాగితమే.

ఇక పంపకాల మాట. స్థలాన్ని ఇవాళ అమ్మితే ఎంత వస్తుందో ఆ ధరకు లెక్కేస్తున్నారు, సెట్టును పదేళ్ళ కిందట కొన్న ధరకు లెక్కేస్తున్నారు. తప్పు అక్కడే ఉంది. రెండిటినీ ఒకే త్రాసులో పెట్టాలి. స్థలానికి ఇవాళ్టి ధరైతే సెట్టుకూ ఇవాళ్టి ధరే. అన్నయ్యతో గొడవ వద్దంటున్నారు కాబట్టి మీరు వాదించకండి, ఒక్క మాట అడగండి: ‘అన్నయ్యా, సెట్టు 32 లక్షలు చేస్తుందని నువ్వు నమ్ముతున్నావు కదా, అయితే సెట్టు నువ్వు తీసుకో, స్థలం నేను తీసుకుంటాను.’ అందులో ఎకసెక్కం ఉండకూడదు, మనస్ఫూర్తిగా అడగాలి. ఆయన తటపటాయిస్తే ఆ క్షణంలోనే ఆయనకూ విషయం అర్థమవుతుంది. ఒకవేళ సరేనన్నారనుకోండి, అప్పుడు మీరే ఆయనకు నా ఈ జవాబు చూపించండి. తెలియక అన్నయ్య నష్టపోతే మీకు మాత్రం నిద్ర పడుతుందా?

కావాలంటే హైదరాబాదులో ఒకరిని, చెన్నైలో ఒకరిని, సెకండ్ హ్యాండ్ ఆడియో కొని అమ్మేవాళ్ళను, ఫోటోలు పంపి ‘ఎంతకు కొంటారు’ అని విడివిడిగా అడగండి. ‘ఎంత చేస్తుంది’ అని అడగవద్దు. ఆ ప్రశ్నకు అందరూ పెద్ద అంకెలే చెబుతారు. కొంటానన్న ధర వాట్సాప్‌లో రాసి పంపమనండి. ఆ రెండిటి సగటు పట్టుకుని, మేనమామో బాబాయో ఉంటే ఆయన్ని కూర్చోబెట్టుకుని మాట్లాడండి.

ఇంకొక మాట, అడగకపోయినా చెబుతున్నాను. మీ ఉత్తరంలో అమ్మ గురించి ఒక ముక్క, చెల్లెలి గురించి ఒక ముక్క రాశారు, లెక్కలో మాత్రం ఇద్దరన్నదమ్ములే ఉన్నారు. వీలునామా లేకపోతే, నానమ్మగారు లేరనుకుంటే, 1956 హిందూ వారసత్వ చట్టం ప్రకారం నాన్నగారి స్వార్జితంలో అమ్మకు, చెల్లెలికి, మీ ఇద్దరికి తలా ఒక సమాన భాగం. నాలుగు భాగాలు. చెల్లెలికి పెళ్ళిలో ఇచ్చామన్నా చట్టం ఒప్పుకోదు. ఆ అమ్మాయి సంతకం లేకుండా స్థలం రాయించుకుంటే రేపు కొనేవాడి లాయరే పట్టుకుంటాడు. అమ్మ మాట్లాడటం లేదంటే సరేనన్నట్టు కాదు బాబూ. పక్కన కూర్చుని మెల్లగా అడగండి.

సెట్టు ఉంచుకోవాలా అమ్మాలా అంటే, మీకు పాటలంటే ఇష్టం ఉంది కాబట్టి నా సలహా ఇది. డాక్, కేబుళ్ళు వచ్చిన ధరకు వెంటనే అమ్మేయండి, ఆగేకొద్దీ తగ్గేవి అవే. ఆంప్, స్పీకర్లు, గ్యారార్డ్ మీ వాటాలో ఎనిమిది, తొమ్మిది లక్షలుగా రాయించుకుని, మీరు నిజంగా వినేటట్టయితేనే ఉంచుకోండి. నాన్నగారి గుర్తు కదా అని గుడ్డ కప్పి దాచేటట్టయితే మాత్రం అమ్మేయడమే మేలు, వాడని ఆంప్ వాడేదానికంటే ముందు పాడవుతుంది. ధర పెరుగుతుందని మాత్రం ఉంచుకోవద్దు. నాన్నగారు పెట్టిన 32 లక్షల్లో మిగతా లక్షలు ఎక్కడికీ పోలేదు. యార్డు నుంచి మిర్చి ఘాటుతో దగ్గుకుంటూ వచ్చి, స్నానం చేసి, ఆ గదిలో కూర్చున్న ప్రతి సాయంత్రం ఆయన వాటిని ఖర్చు పెట్టుకున్నారు. అది ఆయన కష్టార్జితం, ఆయన ఆనందం. దానికి ఎవరూ ఎవరికీ లెక్క చెప్పనక్కర్లేదు.

ఈలోగా ఒక్క జాగ్రత్త. గ్యారార్డ్‌ను ఎవరూ సరదాకు కూడా ఆన్ చేయకుండా ప్లగ్గు తీసేసి పెట్టండి. అందులో గ్రీజు ఈపాటికి గట్టిపడి ఉంటుంది, అలాగే తిప్పితే మోటారు బేరింగు అరుగుతుంది. పళ్ళెం ఎత్తి శుభ్రం చేసి, కొత్త నూనె వేయడానికి గంట పని. మీరు విజయవాడ అన్నయ్య దగ్గరికి వచ్చేటప్పుడు ఒడిలో పెట్టుకుని తీసుకురండి, డిక్కీలో వేయకండి. అన్నయ్యను కూడా వెంటబెట్టుకుని రండి. ఇద్దరి ఎదురుగానే విప్పి చూపిస్తాను.